పెద్దల్లుడి తలకాయ పులుసు

శనివారం తెల్లవారుతుండగా సైకిల్ మీద కొమురవెల్లికి బయల్దేరాలి. రాత్రికి సత్రంలో నడుం వాల్చి, ఆదివారం పొద్దున్నే మల్లన్న దర్శనం చేసుకోవాలి. అదే తోవన తిరిగొచ్చి, పొద్దుగూకేలోపు శామీర్‌పేటలో అత్తగారింటికి చేరి, చేపల పులుసుతో కడుపునిండా తినాలి. మహేందర్ వేసుకున్న పథకం ఇంతే. దీనివల్ల ఎవరికీ ఏ నష్టమూ లేదు. కాకపోతే ఈసారి తోడల్లుడు దేవేందర్ కూడా వస్తానన్నాడు. దేవేందర్‌కు గేర్ల సైకిల్ ఉంది.

మహేందర్ ఉండేది మేడ్చల్‌లో. రోజూ తన నల్ల సైకిల్ మీద దూలపల్లి వెళ్లి, అక్కడి నట్లు బోల్టుల కంపెనీలో పనిచేసి వస్తాడు. ఆ సైకిల్‌కు ముందు దీపం, వెనక క్యారియర్, గొలుసుకు డబ్బా, సీటు కింద స్ప్రింగులు, అన్నీ ఉన్నాయి. లేనివి గేర్లే. అవి లేవని మొన్నటి దసరా దాకా అతనికీ తెలియదు, సైకిల్‌కూ తెలియదు.

దసరాకు దేవేందర్ పేట్ బషీరాబాద్ నుంచి కొత్త సైకిల్ తొక్కుకుంటూ అత్తగారింటికి వచ్చాడు. ఎర్రటి రంగు, సన్నటి టైర్లు, వెనక చక్రానికి ఒకదాని పక్కన ఒకటి పేర్చిన పళ్ల చక్రాలు. ఆ రోజుల్లో అటు దిక్కున అలాంటిది ఎవరింట్లోనూ లేదు. వాడంతా వచ్చి చూసింది. చిన్నప్పటి నుంచీ శామీర్‌పేట చెరువులో వలలు వేసి బతికిన మామ గౌరయ్య ఆ గేర్లను వేలితో తడిమి, "గిది సైకిలా, గడియారమా అల్లుడా?" అన్నాడు. అంతదాకా మహేందర్ ఓర్చుకున్నాడు. అసలు దెబ్బ అన్నాల దగ్గర తగిలింది.

గౌరయ్య ఇంట్లో ఒక పద్ధతి ఉంది. అల్లుళ్లు వచ్చిన రోజు వలలో పడ్డ చేపల్లో అన్నిటికన్నా పెద్దదాని తలకాయ పెద్దల్లుడి కంచంలో పడాలి. పెళ్లయినప్పటి నుంచి ఆ తలకాయ మహేందర్‌దే. పులుసు పీల్చుకున్న రవ్వ చేప తలకాయను నిదానంగా విప్పుకుంటూ తింటుంటే, ఆ ఇంట్లో తన మాటకు ఎదురు లేదన్న ధీమా ఒక్కో మెతుకుతో లోపలికి దిగేది. అలాంటిది ఆ దసరానాడు అత్త దుర్గమ్మ, గేర్ల సైకిల్ సంబరంలో ఉండి, తలకాయను దేవేందర్ కంచంలో వేసింది.

ఒకసారంటే పొరపాటు. కానీ ఆ తర్వాత వెళ్లినప్పుడూ అదే జరిగింది. ఆ పైసారీ అదే. మహేందర్ తోక ముక్క తింటూ తలవంచుకునేవాడు. చివరికి ఆ ఇంటి నల్లకుక్క మోతి కూడా చేయి కడుక్కుని లేచిన దేవేందర్ వెంటే దొడ్లోకి తోకాడించుకుంటూ పోయేది. కుక్కకు కూడా గేర్ల సైకిలే కావాల్సి వచ్చిందా అని మహేందర్ లోలోపల కుతకుతలాడిపోయాడు.

శనివారం పొద్దున సద్ది కడుతూ భార్య యమున అన్నది, "ఏందయ్యా, మా చెల్లె మొగడు వస్తున్నడంటే మొఖం గట్ల మాడ్సుకున్నవ్? చేప తలకాయ కోసం గింత పరేషానా? బజార్ల దొరకదా ఏంది?"

"బజార్ల తలకాయ దొరుకుతదే. మర్యాద దొరుకుతదా?"

"కడుపుల మంట పెట్టుకొని గుడికి పోతే మల్లన్న ఏమిస్తడు? సల్లగ పోయి రా."

చల్లగా వెళ్లడం కుదరలేదు. శామీర్‌పేట దాటి కరీంనగర్ రోడ్డెక్కినప్పటి నుంచి ప్రతి ఎత్తు దగ్గరా ఒకటే కథ. దేవేందర్ టక్కుమని గేరు మార్చేవాడు, వెన్నలో కత్తిలా ఎక్కిపోయేవాడు. మహేందర్ సీటు మీంచి లేచి, పళ్లు బిగబట్టి, ఒంటి బరువంతా పెడలు మీద వేస్తే తప్ప నల్ల సైకిల్ కదిలేది కాదు. పైన చెట్టు నీడలో దేవేందర్ నీళ్ల సీసా పట్టుకుని నిలబడి, "మెల్లగ రా అన్నా. జల్దేమున్నది?" అనేవాడు. వాడు వెక్కిరిస్తే బాగుండేది, తిట్టడానికి వీలుండేది. ఆ మంచితనమే పుండు మీద కారం చల్లినట్టుగా ఉంది. "నా సైకిల్ తొక్కుతవా అన్నా" అని రెండు మూడుసార్లు అడిగాడు కూడా. "నాకేం అవసరం లే" అని మహేందర్ ఆయాసపడుతూనే చెప్పాడు.

ఆదివారం పొద్దున దర్శనమైంది. నుదుటి మీద పసుపు బండారి పెట్టుకుని మహేందర్ గుడి బయటికి వచ్చేసరికి, సైకిళ్లు పెట్టిన చోట జనం మూగి ఉన్నారు. మల్లన్నను చూడటానికి వచ్చినవాళ్లు గేర్లను చూస్తున్నారు. నడుమ దేవేందర్ కూర్చుని, ఏ పళ్ల చక్రం ఎందుకో ఓపికగా చెబుతున్నాడు. మహేందర్ గిర్రున వెనక్కి తిరిగాడు. మళ్లీ గుడి ముందుకు వెళ్లి రెండు చేతులూ జోడించాడు.

"మల్లన్నా! శామీర్‌పేట అత్తగారిల్లు చేరేలోపల ఆ గేర్లు ఇరగాలె. మనిషికి ఏం కావద్దు, నాకు తమ్మునసొంటోడు. గేర్లే ఇరగాలె. ఇరిగినయంటే శామీర్‌పేట నుంచి మల్ల నీ దగ్గరికి నడుసుకుంట వస్త."

తోడల్లుడికి దెబ్బ తగలకూడదని కోరుకున్నందుకు తన మంచి మనసును తానే కాస్త మెచ్చుకున్నాడు. గేర్లు విరిగేటప్పుడు సైకిల్ మీద ఎవరుండాలో చెప్పడం మాత్రం మరిచిపోయాడు.

తిరుగు ప్రయాణంలో మహేందర్ చెవులు రెండూ ముందు వెళ్తున్న గేర్ల మీదే. టక్కుమన్నప్పుడల్లా ఆశ పుట్టేది. ప్రజ్ఞాపూర్‌లో చాయ్ తాగారు, గేర్లకు ఏమీ కాలేదు. ములుగు దాటారు, ఏమీ కాలేదు. దేవుడికి ఆదివారం రద్దీ ఎక్కువ కదా, తన మొక్కు వరసలో ఎక్కడో వెనక ఉండి ఉంటుందని సర్దిచెప్పుకున్నాడు. తుర్కపల్లి వచ్చేసరికి ఆ ఆశా పోయింది. అప్పుడు దేవేందర్ సైకిల్ ఆపి దిగాడు.

"అన్నా, ఇగ నువ్వు గిది ఎక్కు."

"ఎందుకు?"

"శామీర్‌పేట దగ్గరికొచ్చినం. చిన్నల్లుడు కొత్తదాని మీద, పెద్దల్లుడు పాతదాని మీద పోతే వాడోళ్లు ఏమనుకుంటరు? నువ్వు గేర్ల సైకిల్ మీద ముంగట పోవాలె. నేను నీ సైకిల్ మీద ఎనక వస్త."

మహేందర్ వద్దన్నాడు. దేవేందర్ బతిమాలాడు. మర్యాదకు ఎన్నిసార్లు వద్దనాలో అన్నిసార్లు అన్నాక, మహేందర్ ఎర్ర సైకిల్ హ్యాండిల్ పట్టుకున్నాడు. వాకిట్లో దుర్గమ్మ నిలబడి తనను ఆ సైకిల్ మీద చూడటం, రాత్రికి తలకాయ ఎవరి కంచంలో పడాలో అక్కడికక్కడే తేలిపోవడం అతని కళ్ల ముందు మెదిలింది. కాళ్ల నొప్పులు మాయమయ్యాయి.

"రెండు ముచ్చట్లు యాదికుంచుకో అన్నా," అన్నాడు దేవేందర్. "తొక్కుకుంటనే గేరు మార్చాలె. ఎనకకు మాత్రం తొక్కొద్దు."

"నాకు సైకిల్ నేర్పుతున్నవా తమ్మీ?" అని మహేందర్ ఎక్కేశాడు.

అబ్బ, ఏం సైకిల్ అది! తొక్కుతున్నట్టే లేదు. రోడ్డే వెనక్కి జరుగుతున్నట్టుంది. ఎత్తు వస్తే గేరు మార్చాడు, టక్కుమని పడింది. ఇంకో ఎత్తు కోసం వెతికాడు. వెనక తన నల్ల సైకిల్ మీద దేవేందర్ ఎగశ్వాస పెడుతూ రావడం చూసి, "మెల్లగ రా తమ్మీ, జల్దేమున్నది?" అని అరిచాడు. ఆ మాట అంటే ఇంత హాయిగా ఉంటుందని ఇంతకాలం తెలియలేదు.

చెరువు కనపడింది. అత్తగారి వాడ మలుపు తిరిగాడు. అప్పుడు గుర్తొచ్చింది మొక్కు.

"మల్లన్నా, పొద్దున అన్నది మర్చిపో. కడుపుమంటల అన్న. గేర్లు గట్టిగనే ఉండనియ్యి," అని గొణిగాడు. అప్పటికే అల్లుళ్లు కాళ్లు కడుక్కోవడానికి దుర్గమ్మ నీళ్ల చెంబుతో వాకిట్లోకి వచ్చింది. ఆమె వెనక గౌరయ్య, పక్కింటివాళ్లు.

మహేందర్‌కు ఒక పాత అలవాటు. అత్తగారి వాడలోకి రాగానే పెడళ్లు వెనక్కి గిరగిరా తిప్పుతాడు. నల్ల సైకిల్ చక్రం కటకటకట మంటుంది. ఆ చప్పుడు వినగానే దుర్గమ్మ పెద్దల్లుడొచ్చాడని చెంబు పట్టుకుని బయటికొస్తుంది. గంట కొట్టడం మామూలు మనుషుల పని, ఈ కటకట పెద్దల్లుడి బిరుదు. పాత కాళ్లు, పాత వాడ. అత్తను చూడగానే ఒక చేత్తో గేరు పుల్లను ఈ చివరి నుంచి ఆ చివరికి లాగి, అదే ఊపులో పెడళ్లు వెనక్కి తిప్పాడు.

కటకట రాలేదు. ఫట్‌మని ఒక చప్పుడు వచ్చింది. గొలుసు చుట్టచుట్టుకుంది, గేర్ల ముక్క పోయి వెనక చక్రం పుల్లల్లో ఇరుక్కుంది, చక్రం నిలబడిపోయింది. మహేందర్ మాత్రం నిలబడలేదు. హ్యాండిల్ మీదుగా ఎగిరి, గౌరయ్య కొత్తగా అల్లి ఆరేసుకున్న వలలో పడ్డాడు. విడిపించుకోవాలని గింజుకున్నకొద్దీ ఇంకా చుట్టుకున్నాడు. చెరువులో ఆ రోజు అంత పెద్దది పడలేదని పక్కింటి ముసలాయన తర్వాత చెప్పుకున్నాడు.

వల కోసి బయటికి తీశారు. మోకాలు గీరుకుపోయింది, అంతే. కానీ గౌరయ్య అప్పుడే వచ్చి దిగిన దేవేందర్ మీద లేచాడు. "గిసొంటి బండి పెద్దల్లునికి ఇస్తవా? మంచిదైతే నువ్వే తొక్కకపోదువా? ఇరుగుతదని ఎరికుండే ఇచ్చినవా ఏంది?"

దేవేందర్ తలవంచుకుని నిలబడ్డాడు. వెనక్కి తొక్కొద్దని చెప్పానన్న మాట అతని నోటి దాకా వచ్చింది, మహేందర్ చూశాడు. పెద్దవాడి తప్పు నలుగురిలో ఎత్తి చూపకూడదని అతడు దాన్ని మింగేయడమూ చూశాడు. ఒక్క క్షణం మహేందర్‌కు సిగ్గేసింది. అంతలో దుర్గమ్మ, "అయ్యో కొడుకా, ఎంత దెబ్బ తగిలె! ఇయ్యాల తలకాయ నీకే ఏస్త," అన్నది. సిగ్గు ఎక్కడికో పోయింది. మహేందర్ ఇంకొంచెం గట్టిగా మూలిగాడు.

అక్కడ ఆగి ఉంటే సరిపోయేది. తలకాయతో పాటు రెండో ముక్క కూడా వస్తుందేమోనని మరీ గట్టిగా మూలిగాడు. ఆ మూలుగుకు దుర్గమ్మ హడలిపోయింది.

"మోకాలు గీరుకపోతే గింత బాధ ఉంటదా? కొత్త బండి ఊకెనే ఇరుగుతదా? గిది దిష్టే. ఈదమ్మను పిలువుండ్రి!"

ఈదమ్మ ఆ వాడలో దిష్టి తీసే మనిషి. బర్రె పాలివ్వకపోయినా, పసిపిల్ల ఏడుపు ఆపకపోయినా ఆమెకే కబురు. వస్తూనే విరిగిన సైకిల్ చుట్టూ ఒకసారి తిరిగింది. గుప్పెడు ఉప్పు, ఎండు మిరపకాయలు తీసుకుని సైకిల్‌కు తిప్పి, మండుతున్న పొయ్యిలో వేసింది. అందరూ ముక్కులు పైకెత్తి నిలబడ్డారు. దిష్టి లేకపోతే మిరపకాయల ఘాటుకు ఇల్లంతా దగ్గుతుంది. దిష్టి ఉంటే ఘాటే రాదు.

ఘాటు రాలేదు. ఒక్కరూ దగ్గలేదు.

"సూసినవా దుర్గమ్మా," అన్నది ఈదమ్మ. "నరుని దిష్టికి నల్లరాయి పలుగుతదంటరు, గీ సైకిలెంత? ఎవరో గీ గేర్ల మీద కడుపు మండబెట్టుకున్నరు. బయటోళ్లు గాదు, ఇంటోళ్లే."

యమున అక్కడే చెల్లెలు సుచిత్ర పక్కన నిలబడి ఉంది. అక్కాచెల్లెళ్లిద్దరూ ముందు రోజే పుట్టింటికి వచ్చారు. ఆమె కళ్లు మెల్లగా తిరిగి మొగుడి మీద ఆగాయి. దిష్టి లేదని రుజువు కావాలంటే ఘాటు రావాలి. ఘాటు వచ్చిందంటే దగ్గు రావాలి. ఇంకేమీ తోచక అతను దగ్గడం మొదలుపెట్టాడు. ఖళ్ళు ఖళ్ళుమని, కళ్లల్లో నీళ్లొచ్చేదాకా దగ్గాడు.

"అబ్బ, ఏం ఘాటు! దిష్టి లేదు, గిష్టి లేదు!"

ఇంట్లో ఇంకెవరూ దగ్గలేదు. ఈదమ్మ అతని దగ్గరికొచ్చి, గడ్డం పట్టుకుని పైకెత్తి చూసింది.

"అయ్యో, నేను బొర్ల పడ్డనే దుర్గమ్మా. దిష్టి సైకిల్‌కు గాదు. ఘాటంత గీయన గొంతులనే ఉన్నది. దిష్టి నీ పెద్దల్లునికి తగిలింది! కొమురవెల్లి తొవ్వల యాడనో తగిలింది. మల్ల మల్లన్న దగ్గరికి పోయి బండారి పెట్టుకొని వచ్చేదాక నీసు ముట్టనియ్యకు. చేప ముక్క లోపలికి పోయిందా, పాణం మీదికొస్తది."

"నేను గిప్పుడే కదా దర్శనం చేసుకొని వచ్చిన!" అని అరిచాడు మహేందర్.

"దర్శనమైనంక తగిలితే మల్లన్న ఏం జేస్తడు బిడ్డా?"

దగ్గు దొంగదగ్గని చెప్పొచ్చు. చెబితే, మరి ఆ కడుపుమంట ఎవరిదన్న ప్రశ్న మళ్లీ మొదటికొస్తుంది.

"రేపు బస్సుల పోదువు తియ్యి," అన్నాడు గౌరయ్య.

బస్సు అనగానే మహేందర్‌కు మొక్కు మళ్లీ గుర్తొచ్చింది. గేర్లు విరిగాయి. అత్తగారిల్లు చేరేలోపే, సరిగ్గా చెప్పినట్టే విరిగాయి. ఇంత చప్పున పలికిన దేవుడితో పరాచికాలాడే ధైర్యం అతనికి లేదు. "బస్సు వద్దు మామా," అన్నాడు నీరసంగా. "నడుసుకుంటనే పోత." ఆ భక్తికి దుర్గమ్మ కళ్లొత్తుకుంది.

ఆ సాయంత్రం మహేందర్ కంచంలో పప్పుచారు పడింది. తలకాయ దేవేందర్ కంచంలో పడింది. మామూలు తలకాయ కాదు, కంచం అంచుల దాకా ఉంది. దేవేందర్ దాన్ని చూసి తెల్లబోయి, దాని మీద అన్నం కప్పుకున్నాడు. తన ఏడుపు చూడలేక కప్పుకున్నాడనుకున్నాడు మహేందర్.

సోమవారం పొద్దున బస్టాండు దగ్గరి సైకిల్ షాపువాడు గేర్ల సామాను తన దగ్గర దొరకదని చెప్పి, ఉన్నవి ఊడదీసి, గొలుసు కత్తిరించి, ఒక్క పళ్ల చక్రానికే బిగించి ఇచ్చాడు. ఎర్ర సైకిల్ ఇప్పుడు మామూలు సైకిల్. దసరా నుంచి మహేందర్ కోరుకున్నది ఇదే. తీరా ఎదురుగా చూస్తే కడుపు చల్లబడలేదు. ఏదో చిన్నపిల్లవాడి బొమ్మ విరగ్గొట్టినట్టు మనసుకు బాధేసింది.

అతను ఒంటరిగా నడక మొదలుపెడితే దేవేందర్ ఒప్పుకోలేదు. "నా సైకిల్ మీదనే కదా నీకు గిట్లయింది" అని, ఆ సైకిల్ నడిపించుకుంటూ పక్కనే వచ్చాడు. వెనకాలే మోతి. ఎంత తరిమినా పోలేదు. చెరువు దాటాక, రోడ్డు పక్కన నీడ చూసి దేవేందర్ ఆగాడు. అటూ ఇటూ చూసి, సంచిలోంచి టిఫిన్ డబ్బా తీసి మూత తెరిచాడు.

రవ్వ తలకాయ. చెక్కుచెదరలేదు. పులుసు గడ్డకట్టి, మెంతుల వాసన గుప్పుమంది.

"తినన్నా. నీ కోసమే ఎవ్వరికి ఎరుక కాకుండ దాచిన."

"నువ్వు తినలేదా?"

"నాకు తలకాయ అంటే చిన్నప్పటి సంది భయం అన్నా. ఆ కండ్లు నా దిక్కే చూస్తున్నట్టు ఉంటది. అత్తమ్మ ఏస్తే కాదనలేను. దసరా సంది బువ్వ కింద దాచి, దొడ్లకు తీస్కపోయి మోతికేస్తున్న." దేవేందర్ గొంతు తగ్గించాడు. "నిజం చెప్పాల్నంటే, తుర్కపల్లిల నీకు సైకిలిచ్చింది గందుకే. గేర్ల సైకిల్ మీద ఎవరొస్తే అత్తమ్మ వాళ్లకే తలకాయ ఏస్తదని నాకు సమజైంది. నిన్న నువ్వు ముంగట పోతే నీకు పడతదనుకున్న. నా పీడ పోతదనుకున్న."

మహేందర్ రోడ్డు పక్కన కూలబడ్డాడు. ఏమీ మొక్కకుండా, ఏమీ తిప్పకుండా, ఊరికే తొక్కుకుంటూ వెళ్లి ఉంటే చాలు. నిన్ననే కంచంలో పడేది. ఏడవాలో నవ్వాలో తెలియలేదు. దేవేందర్ మీద అన్నాళ్లు పెంచుకున్న మంట ఒక్కసారిగా వెనక్కి తిరిగి తన మీదే పడింది. "తమ్మీ," అన్నాడు చివరికి, "ఆ దిష్టి నాదే. నీ గేర్లు ఇరగాలెనని మల్లన్నకు మొక్కింది నేనే."

దేవేందర్ అతని మొహంలోకి చూశాడు, గేర్లు లేని సైకిల్ వంక చూశాడు, ఎదురుగా సాగిపోతున్న కొమురవెల్లి రోడ్డు వంక చూశాడు. పకపకా నవ్వాడు. "నడువన్నా మరి. మొక్కు మొక్కే. ముందుగాల గిది తిను."

మహేందర్ చేయి డబ్బా దాకా వెళ్లింది. మల్లన్న దర్శనం అయ్యేదాకా నీసు ముట్టొద్దన్న మాట గుర్తొచ్చి ఆగింది. మిరపకాయలు అబద్ధం కావచ్చు, ఈదమ్మ అబద్ధం కావచ్చు. గేర్లు విరగడం మాత్రం అబద్ధం కాదు. లాలాజలం మింగి, డబ్బాను పక్కకు జరిపాడు.

మోతి వచ్చి, ఏ తొందరా లేకుండా డబ్బా ముందు కూర్చుని, అలవాటైన పద్ధతిలో తలకాయను ఒక్కో ముక్కగా విప్పుకుంటూ తినసాగింది. దసరా నుంచి అత్తగారింట్లో పెద్దల్లుడి మర్యాదలు ఎవరికి జరుగుతున్నాయో మహేందర్‌కు అప్పుడు అర్థమైంది.